సాంబయ్య కాక సుద్దగుర్తు

కల్లు అందరూ తాగుతారు. సాంబయ్య కాక మాత్రం తనిఖీ చేసేవాడు.

తాగడం వేరు, తనిఖీ వేరు. తాగేవాడు తనకు అలవాటైన కుండ దగ్గర కూర్చుని, గ్లాసు మీద గ్లాసు ఖాళీ చేసి, ఇంటిదారి గుర్తున్నంతవరకే ఆగి లేచి వెళ్లిపోతాడు. కాక అలా కాదు. సాయంత్రం ఐదింటికి కరీంనగర్ కమాన్ వెనక ఉన్న కల్లు మండువలోకి అడుగుపెట్టి, వరసగా కూర్చున్న ఏడుగురు గౌడన్నల దగ్గర ఏడు గ్లాసుల్లో అడుగున రెండు వేళ్ల మందం కల్లు పోయించుకునేవాడు. ఒక్కో గ్లాసునూ ఒక్క గుక్కలో పుక్కిట పట్టి, కళ్లు మూసుకుని, ఎడమ చెవి కాస్త పైకెత్తి ఆలోచించేవాడు. రుచికి చెవితో ఏం పనో ఎవరికీ తెలియదు. తర్వాత మింగి తీర్పు చెప్పేవాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, పాసైన కుండ మీద సున్నా చుట్టేవాడు. రిజెక్టయిన కుండ మీద ఇంటూ గీసేవాడు. మిగతా కుండలకు ఏ గుర్తూ ఉండదు, అవి మామూలు సరుకు.

ఈ పాసు, రిజెక్టు ఆయన ఉద్యోగంలోంచి వచ్చాయి. కాక వయసులో ఉండగా మగ్గం నేశాడు, ఆ తర్వాత చేనేత సహకార సంఘంలో ముప్పై ఏళ్లు బట్టల చెకర్‌గా పనిచేశాడు. నేతగాళ్లు తెచ్చిన చీరనో, దుప్పటినో మడత విప్పి, వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు ఎత్తి చూసి, బాగుంటే ముద్ర కొట్టడం, లేకపోతే పక్కన పడేయడం ఆయన పని. రిటైరైన రోజున సంఘం వాళ్లు శాలువా కప్పితే, భుజం మీదనే అంచు తిరగేసి చూసి "రిజెక్ట్" అన్నాడట. ఆ శాలువా కప్పిన పెద్దమనిషి రెండేళ్లపాటు కాకతో మాట్లాడలేదు.

ఉద్యోగం పోయింది గానీ చెకింగ్ పోలేదు. చెకింగ్‌కు బట్ట దొరక్క కల్లు మీద పడ్డాడని మండువలో చెప్పుకునేవారు.

నేను 1980లో కాగజ్‌నగర్ నుంచి కరీంనగర్‌కు గుమాస్తాగా వచ్చి, కాక ఇంట్లో ముందుగది అద్దెకు అడగడానికి వెళ్లాను. గడపలో నిలబెట్టి, నా పేరు అడిగే ముందు నా చొక్కా కాలరు పట్టుకుని వేళ్ల మధ్య నలిపాడు.

"మిల్లు బట్ట. రిజెక్ట్," అన్నాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. "మనిషి పాస్. ఏ ఊరు?"

"కాగజ్‌నగర్ అండీ. నా పేరు..."

"పేరెందుకు? కాయిదాలు చేసే ఊరోనివి. కాయిదం అంట. లోపటికి రా."

ఆ రోజు నుంచి నాలుగేళ్లు ఆ వాడకట్టంతటికీ నేను కాయిదాన్నే. ఉత్తరాలు ఇచ్చే పోస్టుమాన్ కూడా కవరు మీద పేరు ఉండగానే "కాయిదం ఉన్నడా?" అని అడిగేవాడు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఏ పెళ్లిలోనో వెనక నుంచి ఎవరైనా "ఏం కాయిదం, మంచిగున్నవా?" అంటే, గబుక్కున తిరిగి చూస్తాను, ఆ పిలుపు కోసమే వచ్చినట్టు.

కాక నన్ను మండువకు తీసుకుపోయింది తాగించడానికి కాదు, సాక్షిగా. నేను ఉడికించిన శనగగుడాలు తింటూ పక్కన కూర్చునేవాడిని. అప్పట్లో కల్లు మండువ అంటే తడికల ప్రహరీ, మధ్యలో రెండు వేపచెట్లు, కుండల చుట్టూ తేనెటీగలు, మూలన రేకుల కింద శనగగుడాలు, వేయించిన చేపలు అమ్మే ఆడవాళ్లు. పని దిగిన హమాలీలు, రిక్షావాళ్లు, మా ఆఫీసు అటెండర్లు, అప్పుడప్పుడు తల మీద తువ్వాలు కప్పుకుని మా ఆఫీసర్లు కూడా వచ్చేవారు. ఇప్పుడక్కడ మూడంతస్తుల బిల్డింగు లేచింది. అటు పోయినప్పుడల్లా నా ముక్కు తనంతట తానే కల్లు వాసన వెతుక్కుంటుంది.

కాక తీర్పులన్నీ నేతపని మాటల్లోనే ఉండేవి. నిలువు పోగును పడుగు అనీ, అడ్డపోగును పేక అనీ అంటారని నాకు తెలిసింది బట్టల దుకాణంలో కాదు, కల్లు మండువలో. అన్నిటికన్నా ఎక్కువగా ఆ మాటలు పడినవాడు లచ్చయ్య. ముప్పై ఐదేళ్లవాడు, చెట్టెక్కితే ఉడుత. ఆ చుట్టుపక్కల అంత మంచి కల్లు ఇంకొకరు దించరని అందరూ ఒప్పుకునేవారు, కాక తప్ప.

"పడుగు మంచిగున్నది లచ్చయ్యా. పేక లూజున్నది."

"కల్లుకు పేకేందే సాంబన్నా?"

"గది తెల్వకనే గిట్ల గీస్తున్నవ్. రిజెక్ట్."

"నిన్న గూడ నాదే రిజెక్ట్. మొన్న గూడ నాదే."

"నిన్నటి పేకనే ఇయ్యాల గూడ ఏస్తివి. నేనేం జెయ్యాలె?"

లచ్చయ్య తల పట్టుకునేవాడు. అప్పటిదాకా అతని కల్లు లొట్టలేస్తూ తాగిన హమాలీ, కుండ మీద ఇంటూ పడగానే మొహం చిట్లించి, "ఔ, జర పులుపు తగులుతుంది," అని లేచి సున్నా చుట్టిన కుండ దగ్గరికి మారేవాడు. మండువంతా అలాగే ఉండేది. తాగేవాళ్లకు నాలుకలు లేక కాదు, సుద్దగుర్తు ముందు వాళ్ల నాలుకలకు ధైర్యం చాలేది కాదు.

ఒకసారి చొప్పదండి వైపు నుంచి గోపాల్‌రావు అనే భూస్వామి జీపులో వచ్చాడు. బొంబాయి నుంచి తెప్పించిన ద్రాక్షసారా సీసా వెంట తెచ్చాడు. సాంబయ్య నాలుక సంగతి ఆయన దాకా పోయిందన్నమాట. జీపు మీదనే సీసా విప్పి, పొడుగుకాడ గాజు గ్లాసులో ఎర్రగా పోసి ఇచ్చాడు. కాక ఆ గ్లాసు పట్టుకోవడం రాక రెండు చేతులా పట్టుకుని, ఒక గుక్క పుక్కిట పట్టి, చెవి పైకెత్తాడు. ఏడుగురు గౌడన్నలూ లేచి నిలబడ్డారు.

"ఎన్నొద్దులది దొరా?"

"ఒద్దులేంది సాంబయ్యా! పదేండ్లది," అన్నాడు గోపాల్‌రావు గొప్పగా.

"పదేండ్ల సంది ఎవ్వలు కొనకుంట దుకాణంలనే పడున్నదా? ఇగ నన్నడుగుడెందుకు? రిజెక్ట్."

గోపాల్‌రావు మొహం ఆ సారా రంగుకు తిరిగింది. కాక పట్టించుకోకుండా, సీసాకు ఇంటూ గీయబోయాడు. గాజు మీద సుద్ద పడలేదు. అదొక్కటే ఆయనకు ఆ రోజు మిగిలిన లోటు.

ఇంతకూ తమాషా ఏమిటంటే, తనిఖీ అయ్యాక కాక కూర్చుని రెండు నిండు గ్లాసులు తాగేది రిజెక్టయిన కుండ నుంచే. మొదటిసారి చూసినప్పుడు నేను ఊరుకోలేక అడిగాను.

"కాకా, పాస్ చేసింది అక్కడుంటే, రిజెక్ట్ చేసింది తాగుతారేంటి?"

"రిజెక్ట్ మాల్ స్టాఫ్‌కే పోవాలె. రూలు."

సంఘంలో నిజంగానే ఆ రూలు ఉండేదట. ముద్ర పడని బట్ట పనివాళ్లే తీసుకోవాలి. అందుకే కాక ఇంట్లో ఒక్క దుప్పటికీ నాలుగు అంచులూ ఉండేవి కావు. నేను కప్పుకున్న దుప్పటిలో ఒక నెమలి బొమ్మ ఉండేది, దానికి తల లేదు. నాలుగేళ్లు ఆ తల లేని నెమలి కింద హాయిగా పడుకున్నాను.

లచ్చయ్యకు ఇంటూ ఎలా ఖాయమో, సిద్దిరాములుకు సున్నా అలా ఖాయం. సిద్దిరాములుకు అరవై దాటాయి. మూడేళ్ల కిందట తాటిచెట్టు మీద నుంచి పడి కుడి భుజం పోయింది. పొడుగు చెట్లు ఎక్కలేడు. గౌడన్నల సంఘం లెక్కలో అతని పేరు మీద మిగిలినవి నాలుగంటే నాలుగు పొట్టి ఈతచెట్లు. వాటి నుంచి రోజుకు ఒక్క కుండ దించి, దాన్ని భార్య బాలవ్వ నెత్తిన పెట్టి తెచ్చి, మండువ మూలన కూర్చునేవాడు. వారంలో నాలుగు రోజులు సున్నా ఆ కుండ మీదే పడేది. పడగానే జనం మూగేవారు, గంటలో కుండ ఖాళీ. ఒకరోజు నేను ధైర్యం చేసి ఆ కల్లు ఒక గుక్క తాగి చూశాను. పుల్లటి నీళ్లలా అనిపించింది. కాయితాల ఊరివాడికి కల్లు రుచి ఏం తెలుస్తుందిలే అని నన్ను నేనే రిజెక్ట్ చేసుకున్నాను.

82 జనవరిలో గౌడన్నల సంఘానికి హనుమండ్లు అధ్యక్షుడయ్యాడు. కొత్తగా ఎన్నికైనవాడు, చేతికి గడియారం ఉన్నవాడు, ఊరుకోలేడు. చెడ్డవాడని అనను. సంఘాన్ని బాగుచేయాలని తెగ ఆరాటం. ఒక సాయంత్రం అందరూ ఉండగా మధ్యలో నిలబడి చెప్పేశాడు.

"చెట్లు సంఘంవి. మంచిగ గీసెటోనికే ఇయ్యాలె. సిద్దిరాములు తాత ముసలోడైండు, భుజం పోయింది. నేనైతె ఆయన కల్లు తాగి చూసిన. అండ్ల ఏం లేదు. గా నాలుగు చెట్లు వయసు పోరగాండ్లకిద్దాం."

సిద్దిరాములు కుండ మీద వాలిన తేనెటీగను తోలుతూ ఉండిపోయాడు. బాలవ్వే అంది, "సాంబన్న రోజు పాస్ జేస్తుండు గద బిడ్డా?"

"గదే నేను అడుగుతున్న. ఒక్కని సుద్దముక్క మీద మండువ నడుస్తదా? ఐతారం నాడు పరీక్ష పెడుదాం. సాంబన్న కండ్లకు గుడ్డ కడుత. ఐదు గ్లాసులిస్త. ఏది ఎవ్వని కుండదో చెప్పాలె. చెప్తె, ఆయన గుర్తే గుర్తు, తాత చెట్లు తాతకే. తప్పితె, సాంబన్న సుద్దముక్క పారెయ్యాలె, తాత చెట్లిడువాలె."

"మంజూరు," అన్నాడు కాక, గుక్క మింగినంత తేలిగ్గా.

సిద్దిరాములు అప్పుడు తలెత్తి నవ్వాడు. "సాంబన్న ఉండంగ నాకేం ఫికర్?" అన్నాడు.

శుక్రవారం కాక భార్య దేవవ్వ మొక్కు తీర్చుకోవడానికి వేములవాడ వెళ్లింది. వంట నా మీద పడింది. శనివారం మధ్యాహ్నం పప్పుచారు పెట్టాను. ఉప్పు వేశాను. ఆఫీసు సంగతేదో ఆలోచిస్తూ మళ్లీ వేశాను. వేసింది మరిచిపోయి, దించేముందు మూడోసారి కూడా వేశాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు కళ్ల వెంట నీళ్లు కారాయి. లేచి చెంబెడు నీళ్లు తాగి వచ్చేసరికి, కాక రెండోసారి వడ్డించుకుంటున్నాడు.

"కాకా, వద్దు! ఉప్పు!"

"ఉప్పేమైంది? సరిపోయింది గద."

"సరిపోవడం ఏంటి? సముద్రంలా ఉంది!"

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "ఆఁ... జర ఎక్కువనే," అని గొణిగి, నా మొహం చూడకుండా మిగతా అన్నం తినేశాడు. ఆ పూట మిగిలిన పప్పుచారు పక్కింటి మేక ముందు పెడితే, అది కూడా మూతి తిప్పుకుంది.

సాయంత్రం దేవవ్వ ప్రసాదంతో దిగగానే వంటింట్లోకి పిలిచి సంగతి చెప్పాను. ఆమె కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆఖరికి నీకు గూడ తెలిసిపాయె. కాయిదం, గాయినకు రుచి తెల్వది కొడుకా. అరవై తొమ్మిదిల తెలంగాణ గడబిడలైనయి సూడు, గప్పుడు నలభై దినాలు జెరమొచ్చింది. పానం దక్కింది, నాలికె పోయింది, ముక్కు పోయింది. నేను చింతపండు ఏసినా చెక్కపొట్టు ఏసినా ఆయనకు ఒక్కటే. పన్నెండేండ్ల సంది నా కూరకు ఒక్క పేరు వెట్టలే. వాడకట్టు ఆడోళ్లంత నాదెంత నసీబని కుళ్లుకుంటరు."

నేను నవ్వలేకపోయాను. నాకు వెంటనే రేపటి ఐదు గ్లాసులు కళ్ల ముందు కనిపించాయి. వాకిట్లో నులకమంచం మీద కూర్చున్న కాక దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"చెప్పిందా?" అన్నాడు.

"చెప్పింది. మరి ఇన్నాళ్లూ ఆ పాసూ, రిజెక్టూ ఏంటి కాకా?"

"ఏందంటే ఏం జెప్పాలె? కల్లును జూస్తలేను, కుండను జూస్తున్న. ఐదు గొట్టంగ పోతనా? ఎవ్వని కుండ నిండుగున్నదో, ఎవ్వడు గిరాకీ లేక తొవ్వ దిక్కు సూస్తుండో, వానిది పాస్. ఎవ్వని కుండ అప్పటికే సగం దిగిందో, వానిది రిజెక్ట్. లచ్చయ్యకు ఇంటూ గీస్తె ఏమైతది? పొద్దుగూకే వరకు ఎట్లయిన అమ్ముడువోతది. తగిలిన కాడ జర మందు రాసినట్టు నేను పోయి ఆయన కాడ కూసుంట."

"చెవి ఎందుకు పైకెత్తుతారు?"

"ఎవ్వలేం గునుగుతుండ్రో ఇనాలె గద!"

నాకు ఆయన్ని పట్టుకుని ఊపేయాలనిపించింది, కాళ్లకు దండం పెట్టాలనిపించింది, రెండూ చేయకుండా మంచం పట్టె మీద కూర్చున్నాను. "మరి రేపు కళ్లకు గుడ్డ కడితే కుండ కనబడదు కదా? నిజం చెప్పేయండి."

"నిజం జెప్తె నన్ను జూసి నవ్వుతరు. నవ్వనీ. గని సిద్దిరాములు చెట్లు పోతయి. పొద్దుగాల లేచి మోకు భుజానేసుకునుడు తప్ప ఆయనకు ఇంకో పని రాదు. చెట్లు లేకపోతె లేచి ఎటు పోతడు చెప్పు?"

"అయితే మంజూరు అని ఎందుకన్నారు?"

"నోట్లెకెల్లి వచ్చింది," అన్నాడు కాక. ఏ బట్టనైనా, ఏ మనిషినైనా చూడగానే తేల్చేసే ఆ మనిషి ఆ సాయంత్రం ఏదీ తేల్చుకోలేక సుద్దముక్కను అరచేతిలో దొర్లిస్తూ కూర్చున్నాడు. ఆయన భయపడటం నేను చూసింది అదొక్కసారే.

ఐతారం మూడింటికల్లా మండువ నిండిపోయింది. హనుమండ్లు మధ్యలో పీట వేయించి, కాకను కూర్చోబెట్టి, కొత్త తువ్వాలతో కళ్లకు గంత కట్టాడు. కాక చెయ్యెత్తి తువ్వాలను తడిమాడు.

"హనుమండ్లూ, గీ తువ్వాల పేక పల్చగున్నది. సూర్యుడు కనవడుతుండు. ఇంకో మడత వెయ్."

జనం గొల్లుమన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పల్చటి పేక నుంచి కాస్తో కూస్తో కనబడేది కదా, దాన్ని కూడా తనే మూయించుకున్నాడు. చెకర్ బుద్ధి చావు ముందు కూడా పోదని పళ్లు కొరుక్కున్నాను.

ఏడుగురు గౌడన్నలూ పీట చుట్టూ నిలబడ్డారు. హనుమండ్లు వేలు పెదవుల మీద పెట్టి అందరికీ మాట్లాడవద్దని చెప్పి, ఒక కుండలోంచి ఒంపి మొదటి గ్లాసు కాక చేతికిచ్చాడు. కాక పుక్కిట పట్టాడు. చెవి పైకి లేచింది.

అంతలో ఖళ్లుమని దగ్గు వినిపించింది. ఇంట్లో కోడలుంటే మామ గుమ్మంలో దగ్గినట్టు, పెద్దరికంగా ఒక్క దగ్గు. దగ్గింది లచ్చయ్య.

కాక నోట్లో కల్లు ఆగిపోయింది. రెండు క్షణాలు అలాగే ఉండి మింగాడు. "పేక లూజున్నది. లచ్చయ్యది."

"కరెక్ట్!" అని అరిచారు జనం. హనుమండ్లు కనుబొమలు ముడిచి రెండో గ్లాసు ఇచ్చాడు. ఈసారి చివరన నిలబడ్డ అంజయ్య గొంతు సవరించుకున్నాడు. "గిది అంజయ్యది. అంచు మంచిగొచ్చింది," అన్నాడు కాక. ఆయన గొంతులోకి బలం వస్తోంది.

మూడో గ్లాసు దగ్గర ప్రమాదం జరిగింది. మల్లయ్య గౌడ్ దగ్గబోతుండగా, వెనక బీడీ తాగుతున్న రిక్షావాడికి నిజమైన దగ్గు తగులుకుంది. ఒకటి కాదు, పది దగ్గులు. మల్లయ్య దగ్గు వాటిలో కలిసిపోయింది. కాక చెవి అటూ ఇటూ తిరిగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"హనుమండ్లూ," అన్నాడు కాక గంభీరంగా, "గీ గ్లాసుల పోగులు కలిసిపోయినయి. జర ఇంకో గుక్క పొయ్యి. గా బీడాయనను బయటికి పొమ్మను, పొగకు రుచి దొర్కుతలేదు."

రిక్షావాణ్ణి ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని తడిక అవతల దింపి వచ్చారు. మల్లయ్య నింపాదిగా, స్పష్టంగా మళ్లీ దగ్గాడు. "మల్లయ్యది," అన్నాడు కాక.

నాలుగో గ్లాసుకు ముసలి దగ్గు వినిపించింది. సగంలోనే వణికిపోయింది అది. కాక మింగాడు. "గిది సిద్దిరాములుది," అన్నాడు. "పాత నేత. గీ చెయ్యి ఇంకోనికి రాదు." బాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హనుమండ్లు ఓడిపోవడానికి సిద్ధంగా లేడు. ఐదో గ్లాసు కుండల నుంచి పోయలేదు. తువ్వాల కింద దాచి తెచ్చిన చెంబులోంచి పోశాడు. తెల్లగా, చిక్కగా ఉంది. కాక చేతికిచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాక పుక్కిట పట్టి చెవి పైకెత్తాడు.

ఎవరూ దగ్గలేదు. ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది ఎవరి కుండదీ కానప్పుడు ఎవరు దగ్గాలి? తప్పుదగ్గు దగ్గితే కొంప మునుగుతుంది. లచ్చయ్య నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. సిద్దిరాములు నేల చూపులు చూస్తున్నాడు.

కాక ఎంతసేపు చెవి పైకెత్తి ఉంచాడో చెప్పలేను. చివరికి మింగాడు.

"గిది ఎవ్వని కుండది గాదు."

హనుమండ్లు చేతులు విడిపోయాయి. "మరేంది?"

కాక రెండు వేళ్లు గ్లాసులో ముంచి, బొటనవేలితో నలిపాడు. ముప్పై ఏళ్లు బట్ట నలిపిన వేళ్లవి, వాటికి ఏ జ్వరమూ రాలేదు. ఆయన మొహమంతా వెలిగిపోయింది.

"గంజి! గిది గంజి, హనుమండ్లూ! పొద్దుగాల వార్సింది. దొడ్డుబియ్యంది. నూలుకు పెట్టు, గట్టిగుంటది. మనుషులకు వెట్టకు."

మండువ పగిలిపోయేట్టు అరిచారు జనం. హనుమండ్లు తన చేతులతోనే గంత విప్పాడు. మాట మీద నిలబడే మనిషి, అది ఒప్పుకోవాలి. "తాత చెట్లు తాతకే. సుద్దముక్క సాంబన్నకే," అని అందరి ముందూ చెప్పాడు. సిద్దిరాములు వచ్చి కాక పక్కన పీట మీద ఇరుక్కుని కూర్చున్నాడు.

నేను లచ్చయ్యను వేపచెట్టు వెనక్కి లాగాను. "మీకు ముందే తెలుసా?"

"తెల్వకేంది? మూడేండ్ల కింద మా ఆమె కుంకుడుకాయలు నానవెట్టిన కుండను నేను కల్లు కుండనుకొని ఈడికి తెచ్చిన. నురుగు గూడ గట్లనే ఉండె. సాంబన్న ఒక గుక్క పట్టిండు, మింగిండు. పాస్ అని సున్నా చుట్టి పోయిండు. ఎవ్వలకు పొయ్యకుంట నేను కుండ వంచుకున్న. గా దినం సంది మా ఏడుగురికి ఎర్కే."

"మరి రోజూ నీకే ఇంటూ గీస్తుంటే మొత్తుకుంటావెందుకు?"

"మొత్తుకోకపోతె సాంబన్నకు అనుమానం రాదా? తెలిసిందంటె సిగ్గువడి రాకుంట అయితడు." లచ్చయ్య నవ్వాడు. "అయినా నాకేం తక్కువ? రోజు ఆయన కూసునేది నా కాడనే గద."

ఇంటికి నడుస్తూ నేను కాక మొహం చూస్తూనే ఉన్నాను, ఏమైనా అంటాడేమోనని. కమాన్ దాటాక అన్నాడు.

"కాయిదం, జూసినవా? గౌండ్లోళ్లందరికి దగ్గు వట్టింది. చలికి చెట్లెక్కుతరు, ఏం జేస్తరు పాపం."

నవ్వుతున్నాడా అని చూశాను. నవ్వడం లేదు. అసలు ఆయనకు తెలిసిందో లేదో ఇవాళ్టికీ నేను చెప్పలేను.

మర్నాడు మధ్యాహ్నం దేవవ్వను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా, కాక తనే కూర్చుని కషాయం కాచాడు. మిరియాలు దోసిళ్లతో వేశాడు. శొంఠి కొమ్ములు దంచి వేశాడు. వాము వేశాడు. చాలదేమోనని మళ్లీ మిరియాలు వేశాడు. ఆ ఘాటుకు వీధిలో పోయేవాళ్లు తుమ్ముకుంటూ పోయారు. కాక మాత్రం పొయ్యి మీదికి వంగి ఊదుతూ, ఆవిరి మొహాన కొడుతున్నా చలనం లేకుండా కలుపుతూ కూర్చున్నాడు.

ఐదింటికి ఇత్తడి గిన్నె నా చేత మోయించుకుని మండువకు వెళ్లాడు. ఏడు గ్లాసులు తెప్పించి, తన చేత్తో ఏడింటా నిండుగా పోశాడు. ఎనిమిదోది హనుమండ్లుకు ఇచ్చాడు.

"నాకు దగ్గు లేదు సాంబన్నా."

"రేపు వట్టొచ్చు. తాగు."

ఎనిమిది మందీ తాగారు. లచ్చయ్య చెవులు ఎర్రబడ్డాయి. హనుమండ్లు తడిక పట్టుకుని నిలబడ్డాడు. మల్లయ్య ఒక్కసారి ఎగిరి మళ్లీ కూర్చున్నాడు. అందరి కళ్ల వెంటా ధారలు. ఎవరూ గ్లాసు మధ్యలో దించలేదు.

కాక గిన్నె పట్టుకుని, చిన్నపిల్లవాడిలా అందరి మొహాల్లోకీ చూశాడు. జీవితంలో మొదటిసారి తీర్పు చెప్పకుండా, అడిగాడు. "ఎట్లున్నది?"

సిద్దిరాములు తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని, బాగున్న చేత్తో ఖాళీ గ్లాసు ముందుకు చాచాడు.

"ఇంకింత పొయ్యి సాంబన్నా."

అది చూసి లచ్చయ్య కూడా చాచాడు. తర్వాత అంజయ్య, మల్లయ్య, ఒక్కొక్కరే అందరూ. ఆఖరికి హనుమండ్లు కూడా. కాక గిన్నె వంచి చూసుకున్నాడు. అడుగున కొంచెమే మిగిలింది.

"అయ్యో, సరిపోయేటట్టు లేదు గదా," అన్నాడు మొహమంతా ఆనందంతో. "ఫికర్ చెయ్యకుండ్రి. రేపు పెద్ద గిన్నెల తెస్త."

ఎవ్వరూ వద్దనలేదు.